టెక్లా ఇంట్లో భోంచేసిన గోల్‌కీపర్లు

టెక్లా వోరోబెట్స్ ఇంట్లో పెరోగీలనే ఉడికించిన కజ్జికాయలు తిన్న గోల్‌కీపర్ మర్నాడు హాకీ బిళ్ళను ఆపలేడు. మా ఊరు కలీనాలో ఈ మాటను నమ్మనివారు లేరు. బ్యాంకు ఉద్యోగులు నమ్ముతారు, గోధుమ గిడ్డంగి దగ్గర లారీలు నింపేవారు నమ్ముతారు. ఆదివారం ప్రసంగంలో సకల మూఢనమ్మకాలనూ ఖండించే మా చర్చి ఫాదర్ కూడా ఈ ఒక్కదాని జోలికి పోడు.

ఏటా జనవరిలో మా హైస్కూలు కెనడాలో మా రాష్ట్రమైన సస్కాచవాన్‌లోని ఇతర బడులను ఆహ్వానించి ఐస్ హాకీ పోటీ నిర్వహిస్తుంది. ఏడు జట్లు బయటినుంచి వస్తాయి, ఎనిమిదోది మాది. కలీనాలో హోటల్ లేదు కనుక వచ్చిన పిల్లలను ఇళ్ళకు పంచుతాం. ఎవరు ఎవరింట్లో పడుకోవాలో నిర్ణయించే బాధ్యత, నేను భౌతికశాస్త్రం బోధించడం మానేసిన మరుసటి ఏడే నా మీద పడింది. న్యూటన్ సూత్రాలకంటే ఇది కష్టమైన పని. అక్కడ వస్తువులు ఎదురు మాట్లాడవు.

టెక్లా ఇంటికి ప్రతి ఏడూ ఒక గోల్‌కీపర్‌నే పంపడానికి నాకు తగిన కారణం ఉండేది. గోల్‌కీపర్ కాళ్ళకు కట్టుకునే మెత్తలు, ఛాతీ కవచం, చేతి తొడుగులు అన్నీ కలిపితే మిగతా ఆటగాళ్ళ సరంజామాకు రెండింతలు. చెమటనూ ఆ లెక్కనే పీల్చుకుంటాయి. టెక్లా భర్త మెత్రో బతికున్న రోజుల్లో నేలమాళిగలో, ఇంటిని వెచ్చబెట్టే కొలిమి పక్కన, వాటిని ఆరబెట్టడానికి చెక్క దండెం బిగించాడు. రాత్రి అక్కడ వేలాడదీసినవి తెల్లారేసరికి పొడిపొడిగా ఆరిపోతాయి. సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన తడి మెత్తలతో వీధిలోకి వచ్చినవాడు కాళ్ళకు తలుపులు కట్టుకున్నట్టు నడుస్తాడు.

పుకారు పుట్టి ఆరేళ్ళయింది. ఆ ఏడు టెక్లా ఇంట్లో బసచేసిన కుర్రవాడు ఒకే ఆటలో ఎదుటివారికి పదకొండు గోల్స్ ఇచ్చాడు. అతని జట్టులో రక్షణ ఆటగాళ్ళిద్దరూ జ్వరంతో పడుకున్న సంగతి ఎవరికీ గుర్తులేదు. మరుసటి ఏడాది వచ్చినవాడు ఏడు గోల్స్ ఇచ్చాడు. అతను ఎక్కడ భోంచేసినా ఏడే ఇచ్చేవాడని అతని తండ్రే నాతో చెప్పాడు. మూడో ఏడు వచ్చినవాడు మాత్రం ఫైనల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. దానితో పుకారు చచ్చిపోవలసింది. కానీ ఆ కుర్రవాడు సరిగ్గా తినలేదని ఊరు తీర్మానించింది. సిద్ధాంతానికి సరిపడని ఫలితం వస్తే ఫలితాన్నే సవరించుకోవడం ప్రయోగశాలల్లో కూడా చూశాను. అక్కడ కనీసం సిగ్గుపడేవారు.

మా జట్టు శిక్షకుడు లార్న్ ప్రిస్టుపా నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్నవాడే. ఏటా డిసెంబరులో మా ఇంటికి వచ్చి, అన్నిటికంటే బలమైన జట్టు గోల్‌కీపర్‌ని టెక్లా ఇంటికి కేటాయించమని బతిమాలేవాడు. ఇది మోసం కాదా అని అడిగితే ఆతిథ్యమనేవాడు.

ఈ విషయమేదీ టెక్లాకు తెలియదు. ఊళ్ళో పిల్లలందరికీ ఆమె బాబా, అంటే నాయనమ్మ వరస. ఫ్రిజ్ తలుపు మీద తన గోల్‌కీపర్ల ఫోటోలు అయస్కాంతాలతో అంటించుకుంది. పదకొండు గోల్స్ ఇచ్చినవాడు ఇప్పటికీ క్రిస్మస్‌కు కార్డు పంపుతాడు. మెత్రో పోయాక, ఏడాది మొత్తం మీద ఈ పోటీ జరిగే రాత్రులు మాత్రమే ఆ ఇంట్లో రెండో కంచం బల్ల మీదికి వస్తుంది.

ఈ సంవత్సరం పుకారు పొలిమేర దాటింది. మా ఊరివాడొకడు పెట్రోలు బంకులో పొరుగూరివారితో గొప్పలు చెప్పుకున్నాడు. పర్యవసానంగా హార్క్‌నెస్ జట్టు శిక్షకుడు క్లిఫర్డ్ ఉల్సెత్ నాకు ఫోన్ చేశాడు. తన గోల్‌కీపర్ రీస్ బెలాంజర్‌ని ఏ ఇంటికి పంపినా అభ్యంతరం లేదట, ఆ ఒక్క ఇంటికి తప్ప. మిగతా జట్లను అడిగాను. గోల్‌కీపర్‌ని కాకపోతే ముందువరుస ఆటగాణ్ణయినా పంపమన్నాను. ఒకరు కుదరదన్నారు, ఇంకొకరు ఆలోచించి కుదరదన్నారు.

పోటీకి ముందు బుధవారం ఆ సంగతి చెప్పడానికి టెక్లా ఇంటికి వెళ్ళాను. వసారాలో, బయటి చలే ఫ్రీజరు కనుక, ఐస్‌క్రీమ్ ఖాళీ బకెట్లలో పెరోగీలు నింపి మూతలు పెట్టి వరుసగా పేర్చి ఉన్నాయి. అతిథి గదిలో పక్క మీద ఇస్త్రీ దుప్పటి పరిచి ఉంది. ఆమె నాకు ఎడమచేత్తో కాఫీ పోసింది. ఆరేళ్ళ పైచిలుకు క్రితం ఒక శరదృతువులో చర్చి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఆ చెయ్యి సరిగ్గా తిరగదు.

ఈసారి పిల్లలు తక్కువగా వస్తున్నారని మొదలుపెట్టాను.

"లార్న్ వాళ్ళింట్లో సోఫా మీద ఇద్దరు, స్నానాలగది గుమ్మంలో ఒకడు పడుకోబోతున్నారటగా," అంది టెక్లా. "తక్కువైతే గుమ్మంలో ఎందుకు పడుకోబెడతారు మాస్టారూ?"

అబద్ధం చెప్పడంలో నాకు అభ్యాసం చాలదు. ఉన్నదంతా చెప్పేశాను. చెబుతూనే, ఆరుగురు గోల్‌కీపర్ల ఆటను బట్టి ఏ నిర్ధారణకూ రాలేమనీ, వారిలో ఇద్దరు ఇతర ఊళ్ళ ఇళ్ళలో తిన్నప్పుడు కూడా అంతే ఘోరంగా ఆడారనీ వివరించాను. ఆమె ఆ వివరణ వినడంలేదు.

"నా పెరోగీల వల్లంటున్నారా?"

"అలాగే అంటున్నారు."

"నా పెరోగీలు," అంది మళ్ళీ, ఆ 'నా' మీద కాస్త నిలబడి. తరువాత వసారా తలుపు వైపు చూసింది. ముఖం ఎర్రబడింది. అవమానమనుకున్నాను.

ఆమెకు ఊరట కలిగించాలని, పెరోగీలు మానేసి మరేదైనా వండుతారని క్లిఫర్డ్‌కు చెబుతానన్నాను.

"పెరోగీలు పెట్టని ఇంటికి పిల్లాడెందుకు రావాలి? సామాను ఆరబెట్టుకోడానికా?"

నిజానికి అందుకేనని నోటిదాకా వచ్చింది. కాఫీ తాగేశాను.

తిరిగి వస్తూ నాకు ఒక ఉపాయం తోచింది. నమ్మకాన్ని వాదనతో కాక ప్రయోగంతో ఎదుర్కోవాలి. మా జట్టు గోల్‌కీపర్‌నే పోటీ జరిగే రాత్రులు టెక్లా ఇంటికి పంపితే సరి. వాడు ఫైనల్లో బాగా ఆడితే మచ్చ పోతుంది. లార్న్ దగ్గరకు వెళ్ళి చెప్పాను. అతను చాలాసేపు తన టోపీని చేతుల్లో తిప్పాడు.

"సైన్సు కోసం నా గోల్‌కీపర్‌ని బలివ్వమంటారా మాస్టారూ?"

"అయితే నువ్వు నిజంగా నమ్ముతున్నావన్నమాట."

"నమ్మను. ఫైనల్ అయిపోయాక అస్సలు నమ్మను."

గురువారం సాయంత్రం జట్లు దిగాయి. మిగతా ఇళ్ళన్నీ నిండిపోవడంతో, క్లిఫర్డ్ పట్టుదల మీద రీస్ బెలాంజర్ మా బడి వ్యాయామశాలలో చాప పరుచుకుని పడుకున్నాడు. సాధన చేసి తడిసిన మెత్తలను బాస్కెట్‌బాల్ బుట్టకు వేలాడదీశాడు. తెల్లారేసరికి అవి ఆరలేదు. వాటి వాసన మాత్రం గణితం గదిదాకా నడిచి వెళ్ళింది. శుక్రవారం ఉదయం తొలి ఆటలో ఆ తడి బరువుతో మంచుగచ్చు మీద అటూ ఇటూ దొర్లి అయిదు గోల్స్ ఇచ్చాడు. ముందువరుసవారు ఆరు కొట్టబట్టి హార్క్‌నెస్ గట్టెక్కింది.

మధ్యాహ్నం హాకీ రింకు క్యాంటీన్లో క్లిఫర్డ్ ఎదురుగా కూర్చున్నాను. ఏటా మాదిరిగానే చర్చి స్త్రీలు ఎనిమిది జట్లకూ పెరోగీలు వడ్డిస్తున్నారు. తలలకు వలలు కట్టుకున్న ఆ బృందానికి నాయకురాలు ఐరీన్ సావ్చుక్. పెరోగీ అంచు నొక్కిన తీరు చూసి ఎవరు నొక్కారో చెప్పగలదు. బంగాళాదుంప, జున్ను కూరినవి, మీద వెన్నలో వేగిన ఉల్లిపాయలు, పక్కన పుల్లని మీగడ. క్లిఫర్డ్ శ్రద్ధగా తింటున్నాడు. టెక్లా ఇంట్లో మెతుకు ముట్టని గోల్‌కీపర్ అయిదు ఇచ్చాడు కదా, మరి దీనికేమంటావని అడిగాను.

అతను నమిలి, మింగి, ఆలోచించి చెప్పాడు. "నిన్న మా బస్సు ఆవిడ ఇంటి ముందునుంచే వచ్చింది. గాలి కూడా అటునుంచే."

ఇటువంటి సిద్ధాంతంతో పోరాడే శాస్త్రం ఇంకా పుట్టలేదు.

అప్పుడే టెక్లా లోపలికి వచ్చింది. మెత్రో పాత చలికోటు తొడుక్కుని, మంచు దులుపుకోకుండానే నేరుగా మా బల్ల దగ్గరకు నడిచింది. పక్క బల్ల దగ్గర తింటున్న రీస్ తలెత్తాడు. కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డవారు మావైపు తిరిగారు.

"క్లిఫర్డ్, మీవాణ్ణి తీసుకెళ్దామని వచ్చా. కారు బయటే ఉంది, ఇంజన్ తిరుగుతోంది."

క్లిఫర్డ్ ఫోర్కు కింద పెట్టి మర్యాదగా లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీమీద నాకే కోపమూ లేదు. రేపు సెమీఫైనల్ ఉంది. మీ పెరోగీలు తిని వాడు రేపు కూలబడితే వాళ్ళమ్మకి నేనేం చెప్పుకోను?"

"నేను వెళ్తాను సార్," అన్నాడు రీస్. "మా పెద్దనాన్న కొడుకు వెళ్ళాడు కదా, బాబా ఇంటికి."

"వాడు పదకొండు ఇచ్చాడురా."

"ఇచ్చాడు. కానీ ఆ భోజనం గురించే ఇప్పటికీ చెప్తాడు."

టెక్లా క్లిఫర్డ్ కంచం వైపు చూసింది. "అదెన్నోది?"

"రెండో ప్లేటండీ."

"బావున్నాయా?"

"అబద్ధం ఎందుకు చెప్పాలి, మా ఊళ్ళో ఇలాంటివి దొరకవు. ఇవి చర్చివాళ్ళవి కదా, ఇవి వేరు."

టెక్లా చేతి తొడుగు ఊడదీసి కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. మణికట్టు వంకరగా, అతుకు పడినచోట ఉబ్బెత్తుగా ఉంది. కౌంటరు వెనకనుంచి ఐరీన్ గరిట పట్టుకునే బయటికి వచ్చింది.

"టెక్లా, వద్దు. ఎవరడిగారు నిన్ను?"

"పిల్లాణ్ణి ఇవ్వనంటున్నాడు ఐరీన్."

ఐరీన్ అక్కడే ఆగిపోయింది. ఆ ఆగడం చూశాక, ఏదో ఒక సంగతి ఆ వలల తలలన్నిటికీ తెలుసునని, నాకొక్కడికే కాక క్యాంటీన్లో ఉన్న మగవాళ్ళెవరికీ తెలియదని అర్థమైంది. కలీనాలో అరవై దాటిన స్త్రీ, విషం పెట్టిందని ఊరు నిందించినా తలెత్తుకు తిరగగలదు. పెరోగీలు తను చెయ్యడంలేదంటే మాత్రం తిరగలేదు. చర్చి విందులో మూడు దశాబ్దాలు మొదట వడ్డించే పెరోగీల గిన్నె టెక్లాదే. ఆ పేరు ఆమెకు మెత్రో ఇచ్చిన ఇంటికంటే పెద్ద ఆస్తి.

"ఈ చెయ్యి విరిగిందగ్గర్నుంచి నేనొక్క పెరోగీ మడవలేదు," అంది టెక్లా. గొంతు పెంచలేదు. పెంచనవసరం లేకపోయింది. "పిండి పిసకలేను, అంచు నొక్కలేను. వీళ్ళు బకెట్లలో పోసి వెనక గుమ్మంలోంచి ఇచ్చేవాళ్ళు. నేను ఉడకబెట్టి, నావేనని పెట్టేదాన్ని. ఆ ఆరుగురికీ అవే పెట్టా. ఇంట్లో ఉన్నవీ అవే. నువ్వు తింటున్నవీ అవే."

క్లిఫర్డ్ తన కంచం వైపు చూశాడు. తరువాత ఫోర్కు వైపు. ఫోర్కుకు గుచ్చి ఉన్నదాన్ని ఏం చెయ్యాలో అతనికి పాలుపోలేదు. చివరకు తినేశాడు. అతని జీవితంలో అంత త్వరగా వాదనకు తలవంచిన సందర్భం మరొకటి ఉండదనుకుంటాను.

"రేపు ఏడింటికల్లా రింకులో ఉండాలి," అన్నాడు రీస్‌తో, ఇంకెటో చూస్తూ.

"మెత్తలు కూడా తెచ్చుకో నాయనా," అంది టెక్లా. "ఇక్కడిదాకా వస్తోంది కంపు."

కుర్రవాడు సంచి భుజాన వేసుకుని ఆమె వెనక నడిచాడు. గుమ్మం దగ్గర ఆమె కుడిచేత్తో తలుపు లాగబోతే, వాడే లాగి పట్టుకున్నాడు.  ఐరీన్ గరిటతో కళ్ళజోడు పైకి తోసుకుంది, దానితో కళ్ళజోడుకు వెన్న అంటింది.

కారు కదిలిన చప్పుడు వినిపించాక లార్న్ మెల్లగా కౌంటరు దగ్గరకు చేరాడు. ఆరేళ్ళలో మా బడి మూడుసార్లు గెలిచిన కప్పు అతని వెనక అద్దాల బీరువాలో ఉంది. దానివైపు ఒకసారి చూసి, టెక్లా ఉడకబెట్టే నీళ్ళలో ఏమైనా ఉందేమోనని ఐరీన్‌ని అడిగాడు. ఊరంతటికీ ఒకటే నీళ్ళ ట్యాంకు అని ఐరీన్ చెప్పింది. అయితే ఉల్లిపాయల్లోనేమో అన్నాడు. ఉల్లిపాయలు కూడా తామే వేయించి ఇస్తామంది.

"మరి... మన పిల్లలు తినేవో?"

ఐరీన్ కళ్ళజోడు తీసి, ఆప్రానుకు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఏటా ఒక మంగళవారం ఒకే గిన్నెలో చేస్తాం లార్న్. అందులోంచే టెక్లాకి ఇస్తాం, అందులోంచే ఇక్కడ వడ్డిస్తాం. ఎనిమిది జట్ల గోల్‌కీపర్లూ ఆరేళ్ళుగా అవే తిన్నారు. అందరికంటే ఎక్కువ తిన్నది నీవాడే."