శవంగారి డైలాగు

"తలుపు తీయకండి! వాళ్ళొచ్చేశారు!"

లిఫ్టు అద్దంలో తనను తానే బెదిరించుకున్నాడు కొనుగోళ్ల మేనేజరు. చాలలేదు. టై వదులు చేసి, కళ్లు ఇంకాస్త పెద్దవి చేసి మళ్లీ అరిచాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ఎదురుగా బాసు.

"ఎవరొచ్చారయ్యా?"

"వెండర్లు సార్."

నాటకాల పిచ్చి కాలేజీనాటిది. ఉద్యోగమొచ్చి సాయంత్రాలన్నీ మింగేశాక రిహార్సళ్లు కుదరలేదు. రిహార్సలు అక్కర్లేని వేషం లోకంలో ఒక్కటే ఉంది. అలా నాటకసమాజంలో ఆయన శవమయ్యాడు. హత్య జరిగినా ఆయనే, లారీ గుద్దినా ఆయనే. ముక్కు మీద దోమ కుట్టినా చలించని నిష్ఠ. అక్కడందరూ ఎంతో గౌరవంగా "శవంగారూ" అని పిలుస్తారు.

ఈసారి చచ్చేముందు పలకడానికి ఒక డైలాగు ఇచ్చారు. నాటకం ఇవాళే.

మధ్యాహ్నం నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. అన్నం డబ్బా మూత తీసి, తినేశాననుకుని మళ్లీ పెట్టేశాడు. సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుంటూంటే బాసు తొంగిచూశాడు.

"ఆరింటికి చిన్న కాల్. నువ్వుండాలి."

ఇన్నేళ్లూ ఆ మాట వినగానే బ్యాగు దించేసేవాడు. ఇవాళ భుజం ఒప్పుకోలేదు.

"కుదరదు సార్. వెళ్లి చావాలి."

"అందరం చస్తూనే ఉన్నాం కదయ్యా. సంగతేంటి?"

"నాటకం సార్. ఎప్పుడూ శవాన్నే. ఇవాళ చచ్చేముందు ఒక మాటుంది."

"ఒక్క మాటకా ఇంత?"

"ఒక్కటే సార్. అది కూడా పోతే ఇంకేముంది?"

బాసు గడియారం చూసుకున్నాడు. "రేపు పొద్దున్నే నా గదికి రా." ఆ గొంతులో మెత్తదనం లేదు. అయినా మేనేజరు మెట్లు రెండేసి దూకుతూ దిగిపోయాడు.

"పోన్లెండి, చావడానికైనా టైముకొచ్చారు," అంటూ భార్య తెరవెనక ఎర్రరంగు పులిమిన చొక్కా తొడిగి, వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

ఆయన తూలుతూ వెలుగులోకి వచ్చాడు. అద్దం ముందు నేర్చిన విద్యలు ఒక్కటీ గుర్తు రాలేదు. గొంతు దానంతటదే లేచింది.

"తలుపు తీయకండి! వాళ్ళొచ్చేశారు!"

హాలంతా ఊపిరి బిగబట్టింది. వారం రోజులుగా స్నానాలగదిలోంచి అదే కేక విని విసిగిపోయిన భార్య కూడా గిరుక్కున తిరిగి హాలు తలుపు వైపు చూసింది.

అది చూశాక తృప్తిగా చచ్చిపోయాడు.

నలుగురు మోసుకుపోయారు. ఆ హడావుడిలో జారిపోయిన ఎడమకాలి బూటు ఒకటి, ఆఫీసు పాలిష్‌తో తళతళలాడుతూ, తెర పడేదాకా వేదిక నడుమ వెలుగులోనే ఉంది.