కొత్త గేటు, కోటయ్య చుట్టాలు

మా ఆసుపత్రికి ప్రభుత్వం భద్రత కోసం నిధులిచ్చింది. క్యాజువాలిటీకి ఇనుప చువ్వల గేటు, వరండాలో కెమెరాలు, కాపలాకి మనుషులు వచ్చారు. అంతవరకు బాగానే ఉంది. ఆ గేటు దగ్గర కోటయ్యను నిలబెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకో దండం.

నేను విజయమ్మను, రేపల్లె అవతల ఈ సర్కారు ఆసుపత్రిలో హెడ్ నర్సుని. నాకు నోరెక్కువంటారు. ఉండదా మరి? మొన్నామధ్య, ఈ గేటు రాకముందు, ఓ రోగి బంధువులు మూకుమ్మడిగా లోపలికొచ్చి, డాక్టరేడంటూ మా నర్సు రూబీని తోసేశారు. బల్ల అంచు తగిలి నుదురు చిట్లింది. బంగారం లాంటి పిల్ల, సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అప్పట్నుంచి గుంపు కనబడితే చాలు, మందుల గదిలోకి దూరిపోతోంది. వాళ్ళ నాన్న ఎబినేజర్ మాస్టారు తెగేసి చెప్పారు, ఇంకోసారి గొడవైతే ఉద్యోగం మానిపించేస్తానని. ఆ పిల్ల పోతే నాకు కుడిచెయ్యి పోయినట్టే.

మా వైపు ఒకరికి ఒంట్లో బాగోలేదంటే వీధి వీధంతా బయల్దేరుతుంది. రాకపోతే రేపు మొహాలు చూసుకోరు. కోటయ్యదీ అదే తంతు. గేటు ముందు ఎవరు నిలబడ్డా వరస కలిపేస్తాడు.

"ఏంటయ్యా, అందర్నీ వదిలేస్తున్నావు?" అని అడిగాను.

"అల్లుడా అని పిలిచాక గేటెలా వేస్తానండి? అది మర్యాదా?"

"నీ మర్యాద మండిపోనూ! ఇది ఆసుపత్రా, పెళ్ళివారి విడిదా?"

ఆ మధ్యాహ్నమే నిజాంపట్నం నుంచి పడవ ఇంజనులో చెయ్యి నలిగిన మనిషిని తెచ్చారు. రూబీ రక్తం ఆపి డాక్టరుగారికి అప్పగించి వచ్చేసరికి, వెనకే ఆటోల నిండా జనం. కోటయ్య "రా బావా, రా అత్తా" అంటూ గేటు బార్లా తీయబోయాడు. నేను పరుగున వెళ్ళి మూసేసి గడియ పెట్టాను. బయట ఒకటే గోల. "మావాణ్ణి లోపలేం చేస్తున్నారే!" అంటూ ఒకడు చువ్వలు పట్టుకుని గుంజాడు. గేటు కదల్లేదు.

రూబీ గోడకి అతుక్కుపోయింది. ఇంకేముంది, రేపే రాజీనామా ఇచ్చేస్తుందనుకున్నాను.

"నువ్వు లోపలికెళ్ళమ్మా," అన్నాను.

వెళ్ళలేదు. కదలని ఆ గేటు వంకే చూస్తోంది. గోలలోంచి ఓ ముసలామె గొంతు వినపడింది. "ఉన్నాడో పోయాడో ఒక్క మాట చెప్పండమ్మా!"

రూబీ గేటు దాకా నడిచింది. మొదటి మాట ఆ గోలలో కలిసిపోయింది. మళ్ళీ గట్టిగా చెప్పింది. "ఉన్నాడమ్మా. రక్తం ఆగింది. డాక్టరుగారు కుట్లు వేస్తున్నారు. మాట్లాడుతున్నాడు."

గోల అణిగింది. చువ్వలు గుంజినవాడే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పోయినసారి రూబీని తోసినవాళ్ళకి ఈ మాట చెప్పిందెవరు? చెబుదామన్నా ఆ తోపులాటలో నిలబడే చోటేది?

"కోటయ్య బాబాయ్, గేటు తియ్యి," అంది రూబీ.

నాకు చిర్రెత్తింది. "ఏంటే, నీకూ వరసలు మొదలయ్యాయా?"

"వాళ్ళమ్మ ఒక్కర్తే మేడమ్. మిగతావాళ్ళు ఆగుతారు."

ఆగారు! రూబీ ఆ ముసలామె భుజం చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సంగతి తెలిసి సాయంత్రం ఎబినేజర్ మాస్టారు పొన్నూరు నుంచి రొప్పుతూ వచ్చారు. గేటు అవతల నిలబడి, "చాల్లే తల్లీ, ఇంటికి పద," అన్నారు.

"నా డ్యూటీ అవ్వలేదు నాన్నా. నువ్వలా బెంచీ మీద కూర్చో. లోపలికి రోగి తాలూకు ఒక్కరే."

మాస్టారు నా వంక చూశారు. నేను నోరు విప్పితే ఒట్టు. ఆయన నెమ్మదిగా వెళ్ళి నిజాంపట్నం వాళ్ళ పక్కన కూర్చున్నారు.