అసిరమ్మ బండి మీది మైకు

నేను ఒక చేతిమైకుని. పేరుకు చేతిమైకునే గానీ నన్ను చేత్తో పట్టుకున్నవాళ్ళు తక్కువ, ఎప్పుడూ ఏదో ఒక బండికి కట్టేసే ఉన్నాను. ఎర్రమీట నొక్కి మాట్లాడితే ఆ మాటను లోపల దాచుకుంటాను. నల్లమీట నొక్కితే ఆ మాటనే, మీరు ఆపేదాకా, వీధి దద్దరిల్లేలా అరుస్తాను. నా బతుకంతా ఈ రెండు మీటల మీదే నడిచింది కాబట్టి ముందే చెప్పి పెడుతున్నాను.

ఎక్కడో ఉత్తరాదిన ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో రైలెక్కి వచ్చాను. మొదట కొన్నది పాత సామాన్ల సైకిలాయన. "పాత ఇనుము కొంటాం, పాడైపోయిన మిక్సీలు కొంటాం" అని అరుస్తుంటే సాయంత్రానికి నా పక్క గంపలో నాలాంటివే, గొంతు పోయిన రేడియోలు పోగుపడేవి. వాటిని చూస్తే రేపు నా గతీ ఇంతేనేమో అనిపించేది. ఆయన నన్ను దోమతెరల వాడికి అమ్మాడు. వాడి దగ్గర్నుంచి అసిరమ్మ చేతికొచ్చాను.

మాది విజయనగరం వైపు ఒక చిన్న మునిసిపాలిటీ. అసిరమ్మది ఉల్లిపాయల బండి. మొగుడి పేరు తవుడు. బండి అతను తోస్తాడు, ఆమె బేరమాడుతుంది. "ఉల్లిపాయలమ్మో, ఎర్రటి ఉల్లిపాయలు!" అని ఆమె నాలో పెట్టిన కేకకు కుక్కలు కూడా లేచి పక్కకు తప్పుకునేవి. అటువంటి గొంతు నాకు దొరకడం నా అదృష్టం.

మా వార్డును గెడ్డ రెండు ముక్కలు చేస్తుంది. గెడ్డంటే వాన పడితే పొంగే కాలువ. దాని మీద కల్వర్టు లేదు, పాత కరెంటు స్తంభాలు అడ్డంగా పడేశారు. మనుషులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని దాటాలి, బండి దాటాలంటే దేవుడి మీద భారం వేయాలి. కౌన్సిలరు దాలినాయుడిని ఎప్పుడడిగినా "చూద్దాం" అనేవాడు. చెడ్డవాడేం కాదు సుమండీ. పెళ్ళికి పిలిస్తే వచ్చేవాడు, చావుకు పిలవకుండానే వచ్చేవాడు. కల్వర్టు ఒక్కటే వచ్చేది కాదు.

మునిసిపల్ ఎన్నికలకు నామినేషన్లు మొదలైన రోజుల్లో, వాన వెలిసిన పొద్దున బండి చక్రం స్తంభం మీంచి జారింది. ఉల్లిపాయలు, తక్కెడ, తవుడు, నేను, అందరం గెడ్డలో పడ్డాం. అసిరమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నన్ను బురదలోంచి ఎత్తింది. అప్పుడు ఆమె బొటనవేలు ఎర్రమీట మీద పడింది. ఆమె చూసుకోలేదు. కొట్టుకుపోతున్న ఉల్లిపాయలను చూస్తూ గొంతు చించుకుని అరిచింది.

"ఛీ! ఇంక ఏ పార్టీవోడికీ ఓటెయ్యను! ఈపాలి నానే నిలబడతాను! ఈ గెడ్డ మీద కల్వర్టు కట్టించకపోతే నా పేరు అసిరమ్మే కాదు!"

నేను నా పని చేశాను, ఆ మాట దాచుకున్నాను.

మర్నాడు మిగిలిన ఉల్లిపాయలతో బయల్దేరి ఆమె యథాప్రకారం నల్లమీట నొక్కింది. ఉల్లిపాయల కేకకు బదులు, "ఛీ! ఇంక ఏ పార్టీవోడికీ..." అని నేను లంకించుకున్నాను. ఓలమ్మో అంటూ ఆమె మీట మీద మీట నొక్కింది. బురద గడ్డకట్టి మీట ఇరుక్కుపోయింది, నేనెలా ఆగుతాను? కంగారులో బ్యాటరీల మూత దొరకలేదు. మూత ఊడదీసేసరికి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది.

"ఏటే అసిరమ్మా, నిలబడతన్నావా? మాకు సెప్పనేదేటే?" అంది ఎదురింటి పైడమ్మ.

"నేదే తల్లీ, కోపంలో ఏదో వాగినాను."

"బాగా వాగినావు. ఆ ముక్కే ఆపీసులో కాయితం మీద రాసిచ్చీ. బలపరిచినట్టు సంతకం నానెడతాను."

అసిరమ్మ నవ్వి ఊరుకుంది. ఆ సాయంత్రం ఆమె ఉల్లిపాయల బురద తుడుస్తుంటే తవుడే ఉండబట్టలేక అన్నాడు.

"మనకెందుకే ఇయన్నీ? బండెట్టుకునే జాగా ఆ దాలినాయుడోల సేతిలో ఉంది. రేపు బండి తీయించేత్తే ఏటి తింతాం?"

అది ఉత్త పిరికిమాట కాదు. ఆ జాగా పోతే వాళ్ళ బతుకు పోయినట్టే. అసిరమ్మకూ భయమే. నన్ను తుడుస్తున్న ఆమె చేతిని బట్టి అది నాకు తెలిసింది. ఆమె నిలబడాలనుకుంటోందనీ తెలిసింది. నా లోపలున్న మాట తీసేసి ఉల్లిపాయల కేక మళ్ళీ పెట్టడానికి ఎన్నిసార్లో ఎర్రమీట దాకా వేలు తెచ్చి వెనక్కి తీసుకుంది.

నామినేషన్లకు ఆఖరు రోజు పొద్దున దాలినాయుడు స్వయంగా వచ్చాడు. చంకలో కొత్త మైకు! తళతళలాడుతోంది, నాకంటే మూతి వెడల్పు.

"అమ్మా అసిరమ్మా, నీ మైకు పాడైందట గదా. ఇది నీకే. ఆ పాతది పారెయ్యి. ఉల్లిపాయల కేక పెట్టుకుని హాయిగా యాపారం చేసుకో. నీ జాగా జోలికి ఎవుడూ రాడు, నాది పూచీ."

నా పని అయిపోయిందనుకున్నాను. పాత సామాన్ల గంప కళ్ళముందు మెదిలింది. ఏడుపొచ్చింది, బ్యాటరీలు లేవు గనక పరువు దక్కింది.

అసిరమ్మ కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుంది బాబూ. మరి గెడ్డ మీద కల్వర్టు కట్టిత్తారేటి?"

"చూద్దాం" అన్నాడు దాలినాయుడు.

ఆయన ఇంకేమన్నా అనుంటే నా కథ వేరుగా ఉండేది. ఆ ఒక్క మాటతో ఆమె మొహంలో భయం పోయింది. కొత్త మైకు ఆయన చేతిలోనే పెట్టేసింది.

"ఇది మీ దగ్గిరే ఉంచుకోండి బాబూ. ‘చూద్దాం’ అని ఓపాలి ఇందులో సెప్పీసి ఎట్టుకుంటే, ఊరికూరికే గొంతు నొప్పెట్టదు."

గుమ్మాల్లో జనం గొల్లున నవ్వారు. అసిరమ్మ నాలో బ్యాటరీలు వేసింది. "బండి తియ్యి" అంది మొగుడితో.

"ఉల్లిపాయలెత్తనేదు గదే?"

"ఉల్లిపాయలకి కాదు. నామినేషనుకి."

తవుడు ఆమె వంక చూశాడు, నిట్టూర్చాడు, తువ్వాలు తలకు చుట్టి బండి పట్టుకున్నాడు. అసిరమ్మ ఈసారి తెలిసే నల్లమీట నొక్కింది. అబ్బ, ఆ రోజు అరిచినట్టు నేనెన్నడూ అరవలేదు! ఖాళీ బండి, ముందు నేను, వెనక పైడమ్మ, ఆమె వెనక వీధి జనం. మునిసిపల్ ఆఫీసు గేటు దగ్గర పోలీసు ఆపమన్నాక గానీ ఆగలేదు.

ప్రచారానికి జెండాల్లేవు, జీపుల్లేవు. పర్మిషన్ తీసుకుని అదే బండి, అదే కేక. అసిరమ్మ గెలిచింది. గొప్ప మెజారిటీ ఏం కాదు గానీ, గెలిచింది! పోరగా పోరగా మరుసటి ఎండాకాలానికి కల్వర్టు లేచింది. దాని మీద మొదట దాటింది ఉల్లిపాయల బండే. తోస్తున్న తవుడు నడిమధ్యన ఆగి, చక్రం కింది గచ్చును కాలితో రెండుసార్లు తన్ని చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఇప్పుడు బండి మీద వేరే మైకుంది. నేను అసిరమ్మ అరుగు మీద మేకుకు వేలాడుతున్నాను. మీటలో బురద తీయించింది, కేక మాత్రం తీయనివ్వలేదు.

మొన్న చివరి సందు ఆడవాళ్ళు వచ్చి, తమ సందులో దీపాలు వెలగడం లేదన్నారు. అసిరమ్మ అలిసిపోయి ఉంది. "చూద్దాంలే" అంది.

పక్కనే కూర్చున్న పైడమ్మ లేచి, మేకు దాకా చెయ్యి చాపి, నల్లమీట నొక్కింది.

"ఛీ! ఇంక ఏ పార్టీవోడికీ ఓటెయ్యను! ఈపాలి నానే నిలబడతాను!"

అసిరమ్మ నాలిక్కరుచుకుంది. పకపకా నవ్వుతూ చెప్పులు వెతుక్కుంది. "ఆపవే తల్లీ, ఎల్తన్నాను, ఇదిగో ఎల్తన్నాను!"

పైడమ్మ ఆపలేదు. నేనూ ఆగలేదు.