ఆరు గంటలు తక్కువ

నాకు పక్క రాష్ట్రానికి బదిలీ అయినప్పుడు మా ఆయన నాకంటే ఎక్కువ సంతోషించాడు. పందొమ్మిదేళ్లుగా కరెంటు పని చేస్తున్నవాడికి ఎక్కడైనా పని దొరుకుతుందనుకున్నాం. తీరా వచ్చాక లైసెన్సు ఆఫీసులో గుమాస్తా ఆయన పాత కార్డును అటూ ఇటూ తిప్పి చూసి చెల్లదన్నాడు. మా పాత రాష్ట్రంలో పరీక్ష పాసైతే చాలు. ఇక్కడ మాత్రం లైసెన్సున్నవాళ్ల కింద ఎనిమిది వేల గంటలు పనిచేసినట్టు సంతకం కావాలి. లేదంటే నాలుగేళ్లు మళ్లీ శిష్యరికం చేయాలి. నలభై మూడేళ్ల మనిషి! సరిహద్దు దాటితే కరెంటేమైనా వేరేగా కొడుతుందా?

ఆ సంతకం పెట్టగలిగింది ఒక్కరే, ఆయనకు పని నేర్పిన గురువుగారు. పదిహేనేళ్ల కిందట మా ఆయన బిగించిన బోర్డును ఇంటివాళ్ల ముందే విప్పి, ఒక్కో తీగా లాగి చూశాడట ఆ పెద్దాయన. ఈయనకు తల కొట్టేసినట్టయి, స్క్రూడ్రైవర్ విసిరేసి వచ్చేశాడు. అప్పటినుంచీ మాటల్లేవు.

"చచ్చినా వెళ్లను," అన్నాడు. రెండు నెలలు పనిలేక, ఇంట్లో బాగున్న ఫ్యాన్లు కూడా విప్పి బిగించాడు. నా బదిలీ వల్లే కదా అని నాకు లోలోపల ఒకటే గుబులు. చివరికి ఒళ్లు మండి, బస్సెక్కించి నేనే తీసుకెళ్లాను.

గురువుగారు తలుపు తీసి మా ఆయనను ఎగాదిగా చూశాడు. సంగతంతా నేనే చెప్పాను. పెద్దాయన లోపలికెళ్లి నాలుగు పాత డైరీలు తెచ్చాడు. ఏ రోజు ఎన్ని గంటలు, ఏం పని, ఎన్ని తప్పులు, అన్నీ రాసున్నాయి. కాలిక్యులేటర్ ముందేసుకుని ఎంతసేపో కూడాడు.

"ఏడు వేల తొమ్మిది వందల తొంభై నాలుగు. ఆరు గంటలు తక్కువ."

"ఆరే కదండీ, వేసేయండి," అన్నాను.

"చెయ్యని పనికి సంతకం పెట్టనమ్మా."

ఇంత చాదస్తమా అని అడిగేయబోయాను. ఈలోగా ఆయన గడియారం చూశాడు. పదయింది.

"నా లైసెన్సు ఇంకా నడుస్తూనే ఉందిరా. వంటింటి బోర్డు మార్చాలి. నిచ్చెన పెరట్లో ఉంది, తెచ్చుకో. భోజనం గంట లెక్కలోకి రాదు."

మా ఆయన చొక్కా చేతులు మడిచాడు.

"మెయిన్ ఆపావా?"

"ఆపానండీ."

"టెస్టర్ పెట్టి చూశావా?"

"చూశానండీ."

"మళ్లీ చూడు."

నెరిసిన తలతో మా ఆయన చివాట్లు తింటుంటే నాకు నవ్వాగక పెరట్లోకి పోయాను. సాయంత్రం బోర్డు మూసేముందు ఒక్కో తీగనూ తనే లాగి చూసుకున్నాడు. పెద్దాయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఏదీ విప్పలేదు.

అయిదింటికి కాగితం మీద సంతకం పడింది. హమ్మయ్య! రెండు నెలల తర్వాత గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాను.

పెద్దాయన నాలుగో డైరీలో చివరగా రాసిన పేజీ తీశాడు. పక్కనుంచి తొంగి చూశాను. పదిహేనేళ్ల నాటి రాత: "పదకొండింటికి కోపంగా వెళ్లాడు. ఇంకా రాలేదు."

దాని కింద ఇవాళ్టి తేదీ వేసి రాశాడు: "వచ్చాడు. ఆరు గంటలు. తప్పులు లేవు."

మా ఆయన గోడవైపు తిరిగి, శుభ్రంగా ఉన్న బోర్డునే మళ్లీ మళ్లీ తుడుస్తూ ఉండిపోయాడు.