విలన్ గొంతు

తాళాలాయన సైకిల్ మీంచి పడి నాలుగు నెలలైంది. విరిగిన కాలు అతుక్కుంది, భుజంలో వేసిన ప్లేటు కుదురుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఇంకేం, గండం గడిచింది" అనేసి టీ తాగి వెళ్లిపోతున్నారు. ఆయనకు మాట పడిపోయిందని వాళ్లకు తెలియక కాదు. కుంటితనమైతే కంటికి కనిపిస్తుంది. ఎదురుగా కూర్చుని తల ఊపుతూ నవ్వే మనిషిలో ఏం పోయిందో ఎవరికి కనిపిస్తుంది? పైగా ఇంకొకరి కష్టం మీద మనుషులకుండే ఓపిక, కప్పులో టీ అయిపోయేవరకే.

ఆయన పడింది ఏ లారీ కిందో కాదు. ఎవరింట్లోనో బీరువాలో తాళంచెవి విరిగిందంటే, పనిముట్ల సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని బయల్దేరాడు. మలుపులో సంచి పట్టీ ముందు చక్రానికి చుట్టుకుంది. తల వెళ్లి రోడ్డు అంచుకు కొట్టుకుంది. లోపల రక్తం గడ్డకట్టిందన్నారు, తీసేశామన్నారు, మాటలుండే చోటు దెబ్బతిందన్నారు. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నదీ తెలుస్తుంది, నోటిదాకా రాదు, అంతే అన్నారు. ఆ 'అంతే' విని టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది.

టైలరమ్మ ఆయన భార్య. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను ఆమెది, ఎదురు మూల ఆకురాళ్లు పరిచిన బల్ల ఆయనది. ఇద్దరికీ కలిపి ఒకటే పిచ్చి, ఫైటింగ్ సినిమాలు. అవీ మంచివి కాదు. హీరో గొడుగు తెరిస్తే తూటాలు వెనక్కి తిరిగేవి, ఒక్క తన్నుకు జీపు చెట్టెక్కేవి, రౌడీలు బుద్ధిగా వరుసలో నిలబడి ఒకడి తర్వాత ఒకడు వచ్చి తన్నులు తినేసి పోయేవి కావాలి. కథ బాగుందని ఎవరైనా చెబితే ఆ సినిమా జోలికే పోయేవాళ్లు కాదు.

కూతురు పసిగుడ్డుగా ఉన్నప్పుడు, ఆదివారం మధ్యాహ్నాలు పిల్ల నిద్ర చెడుతుందని టీవీ సౌండు తీసేసి చూసేవాళ్లు. బొమ్మ ఆడుతుంటే మాటలు వీళ్లు గుసగుసగా కల్పించేవాళ్లు. హీరో, విలన్, పోలీసు, జడ్జి ఆయన. హీరోయిన్, తల్లి, నర్సు, గుర్రం ఉంటే గుర్రం కూడా ఆమె. చాకు పట్టుకుని ఊగిపోతున్న విలన్ చేత ఆయన "మీ బీరువా తాళం నేనే మింగానురా, దమ్ముంటే తీసుకో!" అనిపిస్తే, ఆమె నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది. పిల్ల పెద్దదై కాలేజీలో చేరి, లోపలి గదిలో తలుపేసుకుని చదువుకుంటున్నా, వీళ్లు మాత్రం సౌండు పెట్టలేదు. ఆ సినిమాల అసలు కథలేమిటో వాళ్లకు తెలియనే తెలియదు. ఆ ఇంట్లో విలనంటే ఆయన గొంతే. బొంగురుగా, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉండేది.

ఇప్పుడా గొంతు లేదు. 'ఏమోయ్' అనే పిలుపు కూడా లేదు. ఆయనకు ఫోనొస్తే ఈమె ఎత్తి మాట్లాడుతోంది. అన్నం దగ్గర కూర్చుంటే గరిటెల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. కాలు కుంటినా పర్లేదు, పని తగ్గినా పర్లేదు, ఆయన మళ్లీ తనతో మాట్లాడితే చాలనుకుంది. టైలరమ్మకు వేరే కోరిక లేదు.

ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడమ్ ఉంది. కప్పు బొమ్మా కుర్చీ బొమ్మా చూపించి పేరు చెప్పమనేది. ఆయన కప్పు వంక కాసేపు చూసి "త... త..." అని, చెమటలు పట్టి ఊరుకునేవాడు. ఒకరోజు ఆ మేడమ్ టైలరమ్మను పక్కకు పిలిచింది.

"ఇంట్లో మీ ఇద్దరికీ బాగా అలవాటైన మాటలుంటే, సగం మీరు అని వదిలేయండమ్మా. మిగతా సగం ఆయన అందుకుంటారేమో చూడండి. ఆలోచించకుండా ఉన్నప్పుడు ఒక్కోసారి వచ్చేస్తాయి."

"వస్తాయా మేడమ్?"

"కొందరికి వస్తాయి. రాకపోతే మాత్రం బలవంతం చెయ్యకండి."

మొదటి మాట చెవిలో పడింది, రెండోది పడలేదు. ఆశపడ్డ మనిషి చెవులు అంతే, కావాల్సింది ఏరుకుని మిగతాది పారేస్తాయి.

ఆ ఆదివారమే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, గొడుగు హీరో సినిమా పెట్టి సౌండు తీసేసింది. తన పాత్రలన్నీ చెప్పుకుంటూ వచ్చింది. విలన్ నోరు తెరిచిన చోటల్లా ఆగి ఆయన మొహంలోకి చూసింది. తెర మీద వాడి పెదాలు ఆడుతున్నాయి. గదిలో ఫ్యాను చప్పుడు. ఆయన "త..." అన్నాడు. ఈలోగా హీరో ఆ విలన్ని తీసుకెళ్లి నీళ్ల ట్యాంకులో పడేశాడు.

"పర్లేదండీ, ఇంకో ఫైటుంది" అంది ఆమె.

ఇంకో ఫైటు, ఇంకో సినిమా, ఇంకో ఆదివారం. అలా పోగాపోగా ఒకరోజు, రౌడీ ఒకడు మేడ మీంచి దూకబోతుంటే "రేయ్!" అన్నాడాయన. స్పష్టంగా, పాత గొంతుతో. టైలరమ్మకు కాళ్లు నేల మీద ఆగలేదు. అక్కకు ఫోన్ చేసింది, ఎదురింటివాళ్లకు చెప్పింది, బట్టలు ఇవ్వడానికొచ్చిన వాళ్లందరికీ చెప్పింది. "నిన్న మా ఆయన మాట్లాడారండీ!" ఏమన్నారని వాళ్లు అడిగితే, "రేయ్ అన్నారు" అని చెబుతూ తనే సిగ్గుపడింది.

ఆ 'రేయ్' తర్వాత ఇంకేమీ రాలేదు. అదీ మళ్లీ రాలేదు. ఆమె పట్టు వదిలితేనా! ఇదివరకు ఊపిరి తీసుకునేంతసేపు ఆగేది, ఇప్పుడు బొమ్మనే ఆపేసి కూర్చుంటోంది. హీరో తన్నబోయిన కాలితో గాల్లో అలాగే వేలాడుతుంటే, ఇక్కడ ఈయన మెడ నరాలు పొంగేవి.

"అనండి. మీకొచ్చు. 'మీ బీరువా తాళం...' ఆ తర్వాతేంటి? మీరు కట్టిన మాటే కదండీ!"

ఆ గొంతులో బతిమాలడం ఎప్పుడు గదమాయింపైందో ఆమెకే తెలియలేదు.

ఈలోగా డాక్టరు సైకిల్ తొక్కొచ్చన్నాడు. ఆయన వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు, కాలు బాగానే పనిచేసింది. ఇదివరకు "జరగండి బాబూ జరగండి" అని ఊరంతా వినిపించేలా అరుచుకుంటూ పోయేవాడు, వాడే పనిలేక బెల్లు తుప్పు పట్టిపోయింది. ఇప్పుడు దానికి నూనె వేసుకున్నాడు. ఆ బెల్లు మోత వింటూ గుమ్మంలో నిలబడి టైలరమ్మ ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నారు ఎదురింటివాళ్లు.

ఒక శనివారం సాయంత్రం కూతురు మిషను పక్కకు వచ్చి నిలబడింది.

"అమ్మా, రేపు సినిమా వద్దమ్మా."

"ఏం, నీ చదువుకేం అడ్డం? సౌండు కూడా ఉండదుగా?"

"నాకు కాదు. ఆదివారం వస్తోందంటే నాన్న భయపడుతున్నాడు. పొద్దున్నుంచీ బల్ల దగ్గర కూర్చుని, బాగున్న తాళాన్నే విప్పుతాడు, బిగిస్తాడు. నువ్వు చూడట్లేదా?"

"పెద్ద చెప్పొచ్చావులే! మీ నాన్న బాగుపడాలని లేదా నీకు?"

పిల్ల మొహం చిన్నబోయింది. లోపలికి పోయి తలుపేసుకుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ మరి తల్లికి. టైలరమ్మ ఆ కోపంలో చొక్కా చెయ్యి తిరగేసి కుట్టేసింది, దాన్ని విప్పుకుంటూ చాలాసేపు కూర్చుంది.

మర్నాడు వద్దనుకుంటూనే సినిమా పెట్టింది. విలన్ వచ్చాడు, చాకు తీశాడు, ఊగిపోతున్నాడు. ఆమె బొమ్మ ఆపింది.

"ఊఁ, అనండి."

ఆయన తెర వంక చూశాడు. ఆమె వంక చూశాడు. తర్వాత ఆమె చేతిలోంచి రిమోట్ తీసుకున్నాడు. లాక్కోలేదు, ఇరుక్కున్న తాళంచెవిని తీసినట్టు ఒక్కో వేలూ విడదీసి మెల్లగా తీసుకున్నాడు. బొమ్మను కదిలించి, సౌండు పెంచాడు.

విలన్ మాట్లాడాడు. పీలగొంతు! ఆ ఎత్తు, ఆ మీసాలు, ఆ ఎర్రటి కళ్లు, గొంతు చూస్తే పిల్లి తోక తొక్కినట్టుంది. ఇన్నేళ్లుగా వాళ్లింట్లో గర్జించిన దుర్మార్గుడు నిజానికి ఇలా మాట్లాడతాడని వాళ్లిద్దరికీ తెలియదు.

ఆయనకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వాడు. పడ్డ తర్వాత అలా నవ్వడం అదే మొదలు. నవ్వుతూ ఆమె భుజం తట్టి, చూడు చూడు అన్నట్టు తెర చూపించాడు. పరీక్ష హాల్లోంచి బయటికొచ్చిన మనిషి మొహంలా ఉంది ఆ మొహం.

టైలరమ్మకు అప్పుడు అర్థమైంది. తన మాటలు తను అనలేనని ఆయన ఎప్పుడో ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది తనొక్కతే. ఎన్నిసార్లు బొమ్మ ఆపినా ఆ ఖాళీలోకి ఆయన రాడు. కొంగుతో కళ్లు తుడుచుకుంది, మళ్లీ నిండాయి. తెర మీద హీరోయిన్ పరుగెత్తుకొచ్చి ఏదో చెబుతోంది. ఆ మాటలూ ఎవరో చెప్పేస్తున్నారు, ఇక తను అనాల్సింది ఏమీ లేదు.

ఆ సౌండుకు లోపలి గది తలుపు తెరుచుకుంది. కూతురు వచ్చి, నాన్న నవ్వు చూసి, అమ్మ మొహం చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"రావే, కూర్చో" అంది టైలరమ్మ. తను ఆయన వైపు కాస్త జరిగి పిల్లకు చోటిచ్చింది.

"ఇవాళ మాటలు వాళ్లే చెప్పుకుంటారట. మనం చూద్దాం."