అరవై మంది జామీను

కొలిమి మేస్త్రిని పోలీసులు కొడుతుంటే మేం రెండొందల మందిమి చూస్తూ నిలబడ్డాం. ఆ సిగ్గుతోనే ఇది చెబుతున్నాను.

మా ఫౌండ్రీలో ఇనుము బానని మోసే గొలుసు తెగి, కరిగిన ఇనుము మీదపడి ఇద్దరు కూలీలు మాడిపోయిన రోజది. "గొలుసు మార్చమని ఎన్నిసార్లు మొత్తుకున్నానయ్యా!" అంటూ మేస్త్రి మేనేజర్ కాలర్ పట్టుకున్నాడు. పోలీసులొచ్చి గేటు ముందే ఆయన దవడ పగలగొట్టి, దాడి కేసు పెట్టి ఈడ్చుకుపోయారు.

ఆ నేరం రుజువైనా పడే శిక్ష మూడేళ్లు. విచారణ మొదలవకుండానే నాలుగేళ్లు గడిచాయి. వాయిదా వాయిదాకీ సర్కారు వకీలు "సాక్షులు రాలేదు" అనడం, జడ్జి మరో తేదీ వేయడం. జైలు దెబ్బలకి మేస్త్రికి కుడిచెవి పోయింది.

ఆయన భార్య మాతోపాటే ఇనుము పోసే ఇసుక అచ్చులు చేసే మనిషి. మా అందరికీ అక్క. ఒక మధ్యాహ్నం భోజనాల షెడ్డులో బల్ల ఎక్కి నిలబడింది.

"ఈసారి బెయిలొచ్చేట్టుంది. జామీను కావాలి. ఎవరొస్తారు?"

"సంతకం పెడితే నోటికాడి కూడు పోతుందక్కా," అన్నాడు గొణుగుడు. ఎప్పుడూ సణుగుతుంటాడని ఆ ఫిట్టర్‌కి మేం పెట్టిన పేరది.

"పోదని ఎవడన్నాడు? ఆ ఇనుము నీమీద పడుంటే ఆయన నోరు మూసుకునేవాడా?"

గొణుగుడు సణుగుతూనే క్యారేజీ సర్దుకున్నాడు. మర్నాడు కోర్టులో జామీనుకి మొదట లేచింది మాత్రం వాడే. వాడి వెనక ఒక్కొక్కరం లేచాం, మొత్తం అరవై మందిమి. జడ్జి మా పేర్లన్నీ రాయించుకుని బెయిలు కాగితం మీద సంతకం చేశాడు.

సాయంత్రం జైలు చిన్నతలుపు తెరుచుకుంది. మేస్త్రి ఎముకలగూడులా బయటికొచ్చాడు. అక్క ఆయన చెయ్యి అందుకునేలోపే, బయట కాచుకునున్న ఇన్‌స్పెక్టర్ ఆయన్ని మెడపట్టి పోలీసు వ్యాన్‌లోకి తోశాడు.

"లోపల ఖైదీల్ని రెచ్చగొట్టాడు. కొత్త కేసు."

"బెయిలిచ్చారయ్యా, ఇదిగో కాగితం!"

లాఠీ అక్క మణికట్టు విరగ్గొట్టింది.

ఈసారి మేం చూస్తూ నిలబడలేదు. వ్యాన్‌ని చుట్టుముట్టాం. గొణుగుడు చక్రాల ముందు అడ్డంగా పడుకున్నాడు. "పోనియ్‌రా!" అని ఇన్‌స్పెక్టర్ డ్రైవర్‌మీద అరిచాడు. వ్యాన్ కదిలింది. ఎముకలు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

ఆపైన రాళ్లు, లాఠీలు, నెత్తురు. డ్రైవర్ దూకి పారిపోయాడు. మావాళ్లు వెనక తలుపు ఊడబెరికి మేస్త్రిని దించారు. తుపాకులు పేలాయి. మాలో ఇద్దరు కూలిపోయారు. ఒక్కరూ పరిగెత్తలేదు.

మేస్త్రి గొణుగుడి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటికే వాడి ప్రాణం పోయింది. సంగతి తెలిసి, కొలుములార్పి, రెండో షిఫ్టువాళ్లు మసి ఒంటితోనే వస్తున్నారు.

"కదలకపోతే అందర్నీ లోపలేస్తా!" ఇన్‌స్పెక్టర్ వెనక్కి జరుగుతూ అరిచాడు.

విరిగిన చేతిని రొమ్ముకి హత్తుకుని అక్క ఇన్‌స్పెక్టర్ ఎదురుగా వెళ్లి కూర్చుంది.

"వెయ్యి. ఈ ఒక్క బండీ చాలదు, ఇంకా తెప్పించు."