కీర్తన పాడే వేగం

పొగమంచు దిగిన ఆదివారాల్లో మా ఊరి రెండు చర్చిలూ కాలువ మీద తేలుతున్నట్టు కనిపిస్తాయి. ఒకదాంట్లో పాట ముందే ముగుస్తుంది. రెండోదాంట్లోంచి ఇంకా వస్తూనే ఉంటుంది. కీర్తన ఒకటే. మేం చురుగ్గా పాడతాం. అవతలి ఒడ్డువాళ్లు ఒక్కో అక్షరాన్నీ ఊపిరి ఉన్నంతసేపు సాగదీస్తారు. దేవుడికి ఏది ఇష్టమో హాలెండులో ఇంకా ఎవరూ తేల్చలేదు.

పార్టీలూ అంతే, మాకొకటి, వాళ్లకొకటి. రెండింటి సిద్ధాంతాల్లో తేడా కనబడాలంటే కళ్లజోడు కావాలి. మా మగవాళ్లందరికీ కళ్లజోళ్లున్నాయి. పార్లమెంటున్న హేగ్‌లో రెండు పార్టీల పెద్దలు కలిసిపోయి ఒకే పార్టీ అయ్యారు. ఇక ఊళ్లో శాఖలు కలవాలి. మార్చిలో పురపాలక ఎన్నికలు. మా ఓట్లు తగ్గాయి, ఈసారి విడిగా నిలబడితే చెరో అర సీటు వస్తుంది, అర సీటు మీద ఎవరూ కూర్చోలేరు.

ఉన్న ఒక్క సీటులో ఏళ్లుగా మా ఆయన వోల్టర్ కూర్చున్నాడు.

"ఇవాళ వాళ్లు కాదంటే నా పని అయిపోయినట్టే," అన్నాడు కోటు తొడుక్కుంటూ.

"మంచిదే. శనివారాలు కిటికీలు తుడవచ్చు."

"నీకు వేళాకోళంగా ఉంది. పురపాలక సభలో మన తరఫున ఎవరూ లేకపోతే బడి మూసేస్తారు."

వేళాకోళం మాని అతని కోటు కాలరు సర్దాను. రెండు ఒడ్డుల పిల్లలూ కలిసి చదివే బడి అదొక్కటే.

సమావేశమూ ఆ బడి హాల్లోనే. ఎడమవైపు మావాళ్లు, కుడివైపు వాళ్లు, మధ్యలో పడవ పట్టేంత దారి. ముందు కీర్తన, తర్వాత ఓటు. కాళ్లతో తొక్కే పాత హార్మోనియం నాకు అప్పగించారు. వాళ్ల శాఖ కార్యదర్శి యన్నెట్యె నా పక్కకొచ్చింది. ఆమె చర్చి అవతలి ఒడ్డుదే అయినా ఇల్లు మా పక్కదే, మధ్య ఉన్నది ఒక్క పొదల కంచె. దాని మీదుగా నారుమొక్కలు ఇచ్చిపుచ్చుకుంటాం. ఆదివారం కాఫీకి మాత్రం ఎవరిల్లు వాళ్లదే.

"ఏమ్మా హిల్యా, ఎంత వేగంగా వాయిస్తావు? మావాళ్లు రైలెక్కరు, ముందే చెప్తున్నా."

"మావాళ్లు పడవెక్కరు మరి."

నవ్వి నా చేతిలో ఒక పిప్పర్మెంటు బిళ్ల పెట్టింది. ప్రసంగం వేళ నోట్లో వేసుకునే ఆ బిళ్ల మీద మాత్రం రెండు చర్చిలకూ ఏనాడూ తగాదా లేదు.

మొదలుపెట్టాను. మావాళ్లు రెండో పాదంలో ఉంటే వాళ్లింకా మొదటి పాదం సగంలో ఉన్నారు. ఒకే గదిలో ఇద్దరు కంటున్న వేర్వేరు కలల్లా ఉంది. కుడివైపు నుంచి ఎవరో పైకే అనేశారు:

"పాటే కలవట్లేదు, పార్టీలేం కలుస్తాయి!"

వోల్టర్ మొహం పిండిలా తెల్లబడింది. అప్పుడు గమనించాను, నా కాళ్లు మా చర్చి వేగంలోనే తొక్కుతున్నాయి. తీసేశాను. హార్మోనియం నిట్టూర్చి ఊరుకుంది. పాటలు రెండూ ఆగాయి. కిటికీల అవతల మంచు తెల్లగా కదులుతోంది, హాలే కాలువలో మెల్లగా కొట్టుకుపోతున్నట్టు.

యన్నెట్యె ఒక్కతే మళ్లీ మొదటి పాదం ఎత్తుకుంది. పడవా కాదు, రైలూ కాదు. వాయిద్యం లేదు కనుక ఆమె గొంతు వినక తప్పలేదు. మావాళ్లు కొంచెం ఆగారు, వాళ్లు కొంచెం త్వరపడ్డారు. పిప్పర్మెంటు వాసనతో నిండిన ఆ గదిలో చివరి అక్షరం అందరి నోటా ఒక్కసారే ముగిసింది. అందరూ ఎవరో తట్టి లేపినట్టు చూసుకున్నారు.

తీర్మానం గెలిచింది. వద్దన్నది ఒక్క పెద్దాయనే. పాడిన వేగం ఏ చర్చిదీ కాదని ఆయన బాధ.

మార్చిలో కొత్త పార్టీకి ఒక సీటు వచ్చింది. మా దగ్గర ఓటరు పార్టీ పట్టికలో తనకు నచ్చిన పేరు పక్కన ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టవచ్చు. మొదటి పేరు వోల్టర్‌ది, రెండోది యన్నెట్యెది. రెండు ఒడ్డులవాళ్లూ ఎక్కువగా రెండో పేరు మీదే గుర్తు పెట్టారు, సీటు ఆమెకు దక్కింది. అవతలివాళ్ల ఓట్లొక్కటే అయితే అన్ని రావు.

"మనవాళ్లు కూడానా? ఎవరై ఉంటారు?" అన్నాడు వోల్టర్.

"ఓటు రహస్యం కదా," అన్నాను కాఫీ పోస్తూ.

ఆ ఏడు సభలో యన్నెట్యె బడి కోసం అడిగింది, అడుగుతూనే ఉంది. బడి నిలిచింది. వోల్టర్ ఇప్పుడు శనివారాలు కిటికీలు తుడుస్తున్నాడు. మంచులో అవతలి ఒడ్డు కనబడేదాకా రుద్దుతాడు. రుద్దుతూ కూనిరాగం తీస్తాడు. చెవి పెట్టి విన్నాను, అది మా చర్చి వేగం కాదు. వాళ్లదీ కాదు.